బర్మింగ్‌హామ్ హోలీ క్రాస్ గిల్డ్‌హాలు చరిత్ర: టూల్మిన్ స్మిత్ రచనపై ఒక విమర్శ

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మధ్యయుగ ఇంగ్లండులో పారిష్ గిల్డు స్వభావాన్ని వివరించగలరు.
• అదృశ్యమైన ఒక భవనం చరిత్రను పత్రాల ఆధారంగా ఎలా నిర్మిస్తారో తెలుసుకోగలరు.
• ఒక చరిత్ర రచనలోని బలాన్నీ, పరిమితినీ వేరుచేసి విమర్శించగలరు.

1. ఉపోద్ఘాతం

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో న్యూ స్ట్రీట్ వీధిలో ఒకప్పుడు హోలీ క్రాస్ గిల్డు సభాభవనం ఉండేది. ఈనాడు దాని గోడ కూడా మిగలలేదు. ఈ గిల్డుకు సంబంధించిన ముఖ్య పత్రాలను సాధారణ పాఠకులకు అందుబాటులోకి తెచ్చిన గ్రంథం 'ఇంగ్లిష్ గిల్డ్స్'. దీని సంపాదకుడు జాషువా టూల్మిన్ స్మిత్ 1816లో బర్మింగ్‌హామ్‌లోనే పుట్టాడు, 1869లో మరణించాడు. అసంపూర్తిగా మిగిలిన పనిని కుమార్తె లూసీ టూల్మిన్ స్మిత్ పూర్తిచేయగా, 1870లో గ్రంథం వెలువడింది. వందకు పైగా గిల్డుల నియమావళులు ఇందులో ఉన్నాయి. నేటికీ పరిశోధకులు దీనిని సంప్రదిస్తారు. అందువల్లనే దీనిని జాగ్రత్తగా పరీక్షించవలసిన అవసరం ఉంది.

2. 'గిల్డు' అంటే ఏమిటి?

భారతదేశ చరిత్ర పాఠాలలో మీరు 'శ్రేణి' అనే పదం చదివి ఉంటారు. అది వర్తకుల లేదా చేతివృత్తులవారి సంఘం. హోలీ క్రాస్ గిల్డును ఆ అర్థంలో తీసుకోకూడదు. ఇది ఏదో ఒక వృత్తికి చెందినది కాదు. పట్టణంలోని స్త్రీపురుషులు సోదర సోదరీమణులుగా చేరిన మత సంఘం. 1392లో రాజు రెండవ రిచర్డ్ దీని స్థాపనకు అనుమతి ఇచ్చాడు. సెయింట్ మార్టిన్ చర్చిలో సభ్యుల కోసం, గతించిన వారి ఆత్మల కోసం ప్రార్థనలు జరిపే పూజారులను పోషించడం దీని మొదటి విధి. చనిపోయినవారి ఆత్మలు స్వర్గానికి చేరేముందు శుద్ధి పొందుతాయనీ, బతికున్నవారి ప్రార్థనలు ఆ బాధను తగ్గిస్తాయనీ ఆనాటి విశ్వాసం.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 1388–89లో రాజాజ్ఞ మేరకు దేశంలోని గిల్డులు తమ నియమాలను, ఆస్తులను లిఖితపూర్వకంగా తెలియజేశాయి. టూల్మిన్ స్మిత్ గ్రంథానికి ప్రధాన ఆధారం ఆ సమాధానాలే. హోలీ క్రాస్ గిల్డుకు అనుమతి లభించింది 1392లో. కాబట్టి దాని విషయంలో స్థాపనకాలం నాటి అనుమతి పత్రాల మీద, రద్దుకాలం నాటి విచారణ నివేదికల మీద ఎక్కువగా ఆధారపడవలసి వస్తుంది. ఒకటి పుట్టుక, మరొకటి మరణం. నడుమ సాగిన నూటయాభై ఏళ్ల జీవితాన్ని ఈ రెండు కొసల నుంచే ఊహించాలి.

3. టూల్మిన్ స్మిత్ దృష్టి

టూల్మిన్ స్మిత్ న్యాయవాది, రాజకీయ రచయిత. లండన్ ప్రభుత్వం స్థానిక వ్యవహారాలలో జోక్యం చేసుకోవడాన్ని ఆయన జీవితాంతం వ్యతిరేకించాడు. 1851లో స్థానిక స్వపరిపాలన, కేంద్రీకరణల మీద ఒక గ్రంథం కూడా రాశాడు. ఆయన దృష్టిలో గిల్డు అంటే ప్రజలు తమంతట తాము ఏర్పరచుకున్న పరస్పర సహాయ సంస్థ. దానిని రద్దుచేయడం పాలకులు చేసిన దోపిడీ.

ఈ వాదానికి బలం లేకపోలేదు. 1540లలో రాజు నియమించిన విచారణాధికారుల నివేదికల ప్రకారం ఈ గిల్డు పన్నెండుమంది పేదలకు అద్దె లేని ఇళ్లు ఇచ్చి పోషించేది. రెండు పెద్ద రాతివంతెనలను, ప్రమాదకరమైన రహదారులను బాగుచేయించేది. పట్టణ గడియారం, మంత్రసాని జీతం వంటి ఖర్చులు కూడా భరించేది. బర్మింగ్‌హామ్‌కు 1838 వరకు పురపాలక సంస్థ లేదు. అటువంటి పట్టణంలో ప్రజోపయోగకరమైన పనులకు గిల్డే ఆధారమైందనడంలో అతిశయోక్తి లేదు. ఆ భవనాన్ని 'టౌన్ హాల్' అని కూడా వ్యవహరించడం దీనినే సూచిస్తుంది.

4. పరిమితులు

మొదటిది, ఆధారాన్ని చదివే తీరు. వంతెనలు, పేదల ఇళ్లు గురించి చెప్పే నివేదిక ఆస్తుల స్వాధీనం తలుపు దగ్గరికి వచ్చిన సమయంలో తయారైంది. స్థానికులు అప్పుడు ఏ సేవలను ముందుకు తెచ్చి చెబుతారు? పాలకులు మూఢనమ్మకమని కొట్టివేయడానికి సిద్ధంగా ఉన్న ప్రార్థనల గురించి తక్కువగా, వంతెనల గురించి ఎక్కువగా చెప్పడం సహజం. అంటే ఆ జాబితా అబద్ధమని కాదు. అది ఒక విన్నపం కూడా అని గుర్తించాలి. టూల్మిన్ స్మిత్ దానిని గిల్డు స్వరూపానికి యథాతథ చిత్రంగా స్వీకరించాడు.

రెండవది, మతాన్ని పక్కకు నెట్టడం. 1919లో హెచ్. ఎఫ్. వెస్ట్‌లేక్ పారిష్ గిల్డుల మీద రాసిన గ్రంథం, 1992లో ఈమన్ డఫీ రాసిన 'ది స్ట్రిప్పింగ్ ఆఫ్ ది ఆల్టర్స్' మతాచరణకు కేంద్రస్థానం ఇచ్చాయి. ఆనాటివారికి పేదకు అన్నం పెట్టడం, వంతెన కట్టించడం, చనిపోయినవారి కోసం ప్రార్థించడం వేరువేరు పనులు కావు, అన్నీ పుణ్యకార్యాలే. వాటిని లౌకికం, మతపరం అని చీల్చడం పంతొమ్మిదో శతాబ్దపు అలవాటు.

మూడవది, భవనాల విషయంలో తొందరపాటు. బర్మింగ్‌హామ్‌లోని డెరిటెండ్ ప్రాంతంలో ఉన్న 'ఓల్డ్ క్రౌన్' అనే పాత ఇంటిని కూల్చివేత నుంచి కాపాడిన ఘనత టూల్మిన్ స్మిత్‌దే. అయితే అది పద్నాలుగో శతాబ్దానికి చెందినదని ఆయన భావించాడు. ఇప్పుడున్న కట్టడంలో అధికభాగం 15వ శతాబ్దం చివరి కాలానికి, లేదా 16వ శతాబ్దం తొలినాళ్లకు చెందుతుందని నేటి అభిప్రాయం. పత్రం ఎంత పాతదైతే భవనమూ అంత పాతదని అనుకోవడం తగదు.

5. గిల్డు ఎప్పుడు పోయింది? భవనం ఎప్పుడు పోయింది?

ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు. 1547 చట్టంతో గిల్డు రద్దయింది, ఆస్తులు రాజు వశమయ్యాయి. భవనం మాత్రం నిలిచింది. 1552లో ఆరవ ఎడ్వర్డ్ ఏటా 21 పౌండ్ల ఆదాయం వచ్చే గిల్డు భూములను ఒక ఉచిత పాఠశాలకు తిరిగి ఇచ్చాడు. ఇరవైమంది స్థానికులు దాని పాలకులయ్యారు. గిల్డు సభాభవనమే బడి అయింది. 18వ శతాబ్దం తొలి భాగంలో పాతదాని స్థానంలో కొత్త కట్టడం లేచింది. 1830లలో దానిని కూడా తీసివేసి చార్లెస్ బ్యారీ రూపకల్పనలో మరొకటి కట్టారు. 1936లో అదీ కూలింది. బడి ఎడ్జ్‌బాస్టన్‌కు తరలింది.

అంటే భవనాన్ని కూల్చింది రాజాజ్ఞ కాదు. దానిని వారసత్వంగా పొందిన పాఠశాల అభివృద్ధే. అదే వార్విక్‌షైర్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో కూడా హోలీ క్రాస్ పేరుతోనే ఒక గిల్డు ఉండేది. సుమారు 1420 నాటి దాని భవనం నేటికీ నిలిచి ఉంది. అక్కడ 1553లో ఏర్పడిన పురపాలక సంస్థ గిల్డు ఆస్తులను అందుకుంది. రెండు పట్టణాలలోనూ గిల్డును రద్దుచేసిన చట్టం ఒకటే. భవనాల భవితవ్యం వేరు. 'దోపిడీ' అనే ఒక్క మాట గిల్డు అంతాన్ని కొంతవరకు వివరిస్తుందే గాని, భవనం అంతాన్ని వివరించదు.

6. సారాంశం

టూల్మిన్ స్మిత్ పత్రాలను వెలికితీసి చేసిన మేలు శాశ్వతమైనది. వాటికి ఆయన చెప్పిన అర్థం మాత్రం ఆయన కాలపు రాజకీయ వాదంతో ముడిపడి ఉంది. ఆయనను సరిదిద్దడానికి ఆయన అందించిన పత్రాలే మనకు సాధనాలు కావడం ఆ గ్రంథం గొప్పదనం. ఏ ఆధారాన్నైనా చదివేటప్పుడు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరిని ఒప్పించడానికి రాశారు అనే మూడు ప్రశ్నలు వేసుకోండి. సంపాదకునికి కూడా అవే ప్రశ్నలు వర్తిస్తాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. హోలీ క్రాస్ గిల్డును 'శ్రేణి' అనడం ఎందుకు సరికాదు?
2. 1540ల నాటి నివేదికను 'విన్నపం' అని ఎందుకు భావించవచ్చు?
3. గిల్డు అంతానికీ, భవనం అంతానికీ గల కారణాలను పోల్చి పది వాక్యాలలో రాయండి.