నర్సమ్మ చెవి

నర్సమ్మ చేత్తో బీపీ చూసే తీరు నాకెంతో ఇష్టం. "పెద్దమ్మా, చెయ్యి వదులుగా పెట్టు, మాట్లాడకు" అంటుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అది అందకుండా పోయాక ఇంకో 30 మిల్లీమీటర్లు పైకి గాలి కొడుతుంది. పట్టీ కింద మెత్తటి ధమని నొక్కుకుపోయి రక్తం ఆగుతుంది.

అసలు పనితనం ఆ తర్వాతే. సెకనుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున గాలి వదలాలి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ధమని కాస్త తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది, ఆ చప్పుడు స్టెతస్కోపులో టక్ టక్‌మని వినిపిస్తుంది. ఆ టక్ టక్ మొదలైన చోట పై అంకె, పూర్తిగా ఆగిన చోట కింది అంకె. ఈ చప్పుళ్లను రష్యన్ సర్జన్ నికొలాయ్ కొరోట్కాఫ్ 1905లో వివరించాడు.

గాలి గబగబా వదిలేస్తే పై అంకె తక్కువగా పడుతుంది. బయట లైను ఎంత పొడుగున్నా ఆమె తొందరపడదు. నాడి లయ తప్పినవాళ్లకు మిషన్ కన్నా ఆ చెవినే నమ్ముతాను.