తక్కువ, తగ్గుదల, ‘వల్ల’: నీటికాసుల వ్యాధిపై తెలుగు వైద్యరచన – భాషాపరమైన విమర్శ

నీటికాసుల వ్యాధిపై తెలుగులో వెలువడే వైద్యవ్యాసాలు సాధారణంగా కంటిలోని ద్రవపీడనంతో మొదలై అక్కడే ముగుస్తాయి. పేరులోనే నీరు ఉండటం ఇందుకు కొంత దోహదం చేసి ఉండవచ్చు. అయితే పీడనం 21 మిల్లీమీటర్ల పాదరసమట్టానికి మించని వారిలోనూ దృష్టినాడి క్షీణించడం వైద్యులు ఎరిగినదే. పీడనం ఒక్కటే పూర్తి సమాధానం కాకపోవడంతో పరిశోధకులు రక్తంలోని హోమోసిస్టీన్, విటమిన్లు, ప్రతిరక్షకాల వంటి జీవసూచికలనూ పరిశీలిస్తున్నారు. తెలుగు రచన తడబడేది ఇక్కడే. తడబాటు పారిభాషిక పదాలలో కన్నా క్రియాపదాలలో ఎక్కువ.

ఫ్రాన్స్‌లోని ఆంజే నగర పరిశోధకులు 2019లో ప్రకటించిన అధ్యయనాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. నీటికాసుల రోగుల రక్తంలో బి3 విటమిన్ రూపమైన నికోటినమైడ్, ఆ వ్యాధి లేనివారితో పోలిస్తే తక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. దీనిని తెలుగులో మూడు విధాలుగా చెప్పవచ్చు: ‘తక్కువగా ఉంది’, ‘తగ్గింది’, ‘తగ్గడం వల్ల వ్యాధి వస్తుంది’. మొదటిది పోలిక. రెండవది కాలక్రమంలో జరిగిన మార్పు. ఒకసారి తీసిన రక్తంతో ఆ మార్పు తెలియదు. మూడవది కార్యకారణ నిర్ణయం. లోటు వ్యాధికి ముందుదో తరువాతిదో, ఆహారం వల్లనో మందుల వల్లనో ఆ అధ్యయనం తేల్చలేదు. ‘ఉంది’ నుంచి ‘వల్ల’కు చేరడానికి తెలుగు వాక్యానికి ఒక్క ప్రత్యయం మార్పు చాలు, పరిశోధనకు ఏళ్లు పడుతుంది.

‘వల్ల’కు అర్హత ఉన్న సందర్భమూ లేకపోలేదు. వయసుతో పాటు కంటిపీడనం పెరిగే ఒక జాతి ఎలుకలకు అమెరికా శాస్త్రవేత్తలు నికోటినమైడ్ ఇచ్చి చూడగా వాటి దృష్టినాడి కణాలకు రక్షణ లభించింది. ఆ ఫలితం 2017లో వెలువడింది. ఇచ్చి చూశారు కనుక అక్కడ ‘వల్ల’ చెల్లుతుంది, ఎలుకల మట్టుకు. ఈ రెండు అధ్యయనాలను ఒకే వాక్యంలో కలిపితే, ఎలుకలలో రుజువైన కారణం మనుషులలో కనిపించిన పోలికకు అంటుకుంటుంది. అది చదివి సొంతంగా బి3 మాత్రలు మొదలుపెట్టే పాఠకుడు ఉండవచ్చు. అధిక మోతాదు కాలేయానికి హాని చేయగలదు.

‘ముప్పు కారకం’ అనే అనువాదమూ నిర్దుష్టం కాదు. వ్యాకరణం చదివినవారికి కారకం క్రియానిర్వహణతో ముడిపడిన పదం. కంటిపీడనానికి అది తగును. పీడనం తగ్గిస్తే నాడీక్షయం మందగిస్తుందని చికిత్సా ప్రయోగాలు చూపాయి. రక్తసూచికకు అది తగదు. ఐస్‌లాండ్, స్వీడన్ ప్రజలలో 2007లో ఎక్స్‌ఫోలియేషన్ రకం నీటికాసులతో ముడిపడినట్లు గుర్తించిన లాక్స్‌ఎల్1 జన్యు భేదాలలో ఒకటి జపాన్ వారిలో తారుమారైంది. అక్కడ ముప్పును సూచించిన రూపం కాక, దాని ప్రతిరూపం ఇక్కడ ముప్పును సూచించింది. రోగిని బట్టి, జాతిని బట్టి మారేదానిని ‘సూచిక’ అనడమే సబబు.

ఈ పట్టింపు పండితుల ముచ్చట మాత్రమే కాదు. ఈ వ్యాధిలో పోయిన చూపు తిరిగి రాదు. తొలిదశలో నొప్పీ తెలియదు. ‘రక్తపరీక్షతో నీటికాసుల గుర్తింపు’ అనే శీర్షిక చదివిన వ్యక్తి రక్తనివేదిక బాగుందని కంటిపరీక్షను వాయిదా వేసుకోవచ్చు. నేటికీ ఈ వ్యాధిని నిర్ధారించేది కంటిపీడనం కొలిచి, దృష్టినాడిని చూసి, దృష్టిక్షేత్రాన్ని పరీక్షించడం ద్వారానే.