లేబర్ ఎంతప్పా?

ముదిగుబ్బలో టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు ఫోను తెచ్చి నా ముందు పెడతారు. తెరమీద తెల్లటి జర్మన్ కారు, కేఏ నంబరు ప్లేటు, కింద ధర. "ఏమన్నా, పదమూడు లచ్చలకు బెంజి ఇస్తాండారంట. కియా కొనే డబ్బుకే వస్తాది గదా, పోయి సూసొద్దామా?" పాత కార్ల పిచ్చి నాకుందని ఊరందరికీ తెలుసు. బెంగళూరు దాకా తోడు పోయి బండి చూసిపెట్టడం నాకు జీతంలేని ఉద్యోగమైపోయింది.

కియాతో పోలిక పెట్టడం ఊరికే కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ బయటికొచ్చినప్పటి నుంచి మా వైపు కారు ధరకు అదే కొలబద్ద. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ ఒకపక్క, నాలుగైదేళ్లకోసారి కారు మార్చే ఉద్యోగులున్న బెంగళూరు ఇంకోపక్క, మధ్యలో వేరుశనగ ఎండిపోయే మా ఎర్రనేల. పండిన పంటతో బెంజి కొన్నవాణ్ని నేనైతే చూడలేదు. గాలిమరలకో సోలారుకో భూమి ఇచ్చినవాళ్లు, రోడ్డు వెడల్పులో పరిహారం అందినవాళ్లు, ప్లాట్ల వ్యాపారంలో నిలదొక్కుకున్నవాళ్లు, వీళ్లే అడిగేది. తప్పు పట్టను. జీవితమంతా బొలేరో వెనక సీట్లో ఎగిరెగిరి పడ్డ నడుముకు మెత్తటి తోలు సీటు మీద ఆశ పుట్టడం న్యాయమే.

అరవై లక్షల కారు ఎనిమిది తొమ్మిదేళ్లకు పదమూడు లక్షలకు దిగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త పెద్ద కార్ల మీద పన్ను 48, 50 శాతం నుంచి 40కి తగ్గింది కాబట్టి పాతవాటి ధర ఇంకాస్త జారక తప్పదు. కానీ దాని హెడ్‌లైటు ధర జారదు. లోపలి నుంచి అటూ ఇటూ తిరిగే ఎల్‌ఈడీ హెడ్‌లైటు ఒక్కటే లక్ష దాటుతుంది. మా దగ్గర రాత్రిపూట రోడ్డుకు అడ్డంపడే అడవిపందికి ఆ సంగతి తెలియదు. ఇన్సూరెన్సు ఉందిలే అంటారు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు యాభై శాతం తరుగు కోసేస్తారు. పాత బండికి తరుగులేని పాలసీ ఇచ్చే కంపెనీ దొరకడం కష్టం. ఈ కాలపు కారు ముందుభాగంలో ప్లాస్టిక్ కానిది ఎంతుందో బంపరు విప్పినప్పుడు చూడండి.

ఈ లెక్క అనంతపురం మనిషికి చెప్పనక్కరలేదు. బోరు వేయించినవాడే కదా. నాలుగొందల అడుగులకు నీళ్లు పడకపోతే, అంతదాకా పెట్టిన డబ్బే ఇంకో వంద అడుగులు వేయమంటుంది. కారులోనూ అంతే. సస్పెన్షన్‌కు లక్ష పెట్టాక గేర్‌బాక్సు మొరాయిస్తే, అమ్మేద్దామన్న మాట నోటికి రాదు. ఇంత పెట్టినాక ఇదొక్కటీ చేయించేద్దాం అనిపిస్తుంది. అందుకే నాతో వచ్చేవాళ్లకు ముందే చెబుతాను. పదమూడు లక్షలుంటే తొమ్మిది లక్షల బండి చూద్దాం, మిగతాది మొదటి ఏడాదికి బ్యాంకులో పెట్టుకో. వినేవాళ్లు తక్కువ. తొమ్మిది లక్షల బండి ఫోటోలో అంత మెరవదు మరి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, అది చదవడానికీ విసుగే. కర్ణాటక బండి ఇక్కడికి తెస్తే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ కావాలి. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే నంబరు మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. మార్చుకునేటప్పుడు మన జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. అది మీరు కొన్న పదమూడు లక్షల మీద కాదు, కారు కొత్తలో ఉన్న ధర మీద, వయసును బట్టి తగ్గే శాతంలో. అరవై లక్షల మీద ఏ శాతమైనా చిన్నది కాదు. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన భాగం వెనక్కి అడగొచ్చు. అడగండి, కానీ ఆ డబ్బును కొనుగోలు లెక్కలో కలపకండి. ఇక ఢిల్లీ బండ్లు. అక్కడ పదేళ్లు దాటిన డీజిలును తిరగనివ్వకూడదన్న కోర్టు ఉత్తర్వుల పుణ్యమా అని కొన్నేళ్లపాటు అవి చవగ్గా దక్షిణాదికి దిగాయి. అందులో మంచివీ ఉన్నాయి. అయితే డీజిల్ పదో ఏటికి దగ్గరపడుతోందని తెలిసిన యజమాని చివరి రెండేళ్లు సర్వీసుకు ఎంత ఖర్చు పెట్టి ఉంటాడో ఆలోచించాలి.

బండి చూడ్డానికి పోయినప్పుడు నేను మొదట ఇంజిన్ చూడను. సీటుబెల్టు పూర్తిగా బయటికి లాగుతాను. 2022 సెప్టెంబరులో బెంగళూరులో చెరువులు పొంగి యమలూరు విల్లాల్లో కోట్లు పలికే కార్లు మునిగిన ఫోటోలు అందరూ చూశారు. జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు, కార్లు అక్కడే ఉండిపోయాయి. 2015లో చెన్నైలోనూ అంతే. అలా మునిగిన కార్లన్నీ తుక్కుకు పోవు. వేలంలో కొని, ఆరబెట్టి, సీట్లు ఉతికి, దూరపు ఊళ్లవాళ్లకు అమ్మేవాళ్లున్నారు. ఎంత ఉతికినా బెల్టు చుట్ట అడుగున ఒక గీత మిగులుతుంది. అది మన ఎర్రదుమ్ము కాదు, బూడిదరంగు బురద. సీటు కింది బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంటలో వాసన కూడా చూడాలి. నీళ్లు తాగిన వైరింగు వెంటనే చావదు. మొదటి వేసవిలో అద్దం దిగదు, రెండో వేసవిలో గేరు పడదు, ప్రతిసారీ వేరే జబ్బులా కనిపిస్తుంది.

రెండోది, వచ్చేముందు ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాడికి ఫోన్లో చెబుతాను. చేరగానే బానెట్ మీద చెయ్యి పెడతాను. వెచ్చగా ఉంటే సగం సమాధానం దొరికినట్టే. 2010 ప్రాంతపు 320డి, 520డి బీఎండబ్ల్యూల్లో ఎన్47 అనే డీజిల్ ఇంజిన్ ఉండేది. నడపడానికి బంగారం. దాని టైమింగ్ చైను మాత్రం ముందువైపు కాకుండా వెనక, గేర్‌బాక్సు వైపు పెట్టారు. చైను సాగితే చల్లటి ఇంజిన్ స్టార్టయినప్పుడు వెనక నుంచి గలగలమంటుంది. తెగితే ఇంజిన్ గల్లంతు. చైను ఖరీదు పెద్దది కాదు, దాన్ని చేరుకోవాలంటే గేర్‌బాక్సో ఇంజినో దించాలి. వేడిగా ఉన్న ఇంజిన్ ఆ గలగలను దాచేస్తుంది.

మీటరు తిప్పడం గురించి అందరూ భయపడతారు. నాకు తక్కువ కిలోమీటర్ల బండి మీదే అనుమానం. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. ఆరో నిజాం ఆర్డరిచ్చి, బండి రాకముందే కన్నుమూశారు. ఏడో నిజాం దర్బారు వేడుకలకు వాడుకున్నారు. మొత్తం తిరిగింది 356 మైళ్లేనంటారు. అంత తక్కువ తిరిగిన కారుకు కూడా దశాబ్దాల తర్వాత పెద్ద ఎత్తున మరమ్మతు చేయాల్సి వచ్చింది. నిలబడిన కారులో సీళ్లు ఎండిపోతాయి, బ్రేకు డిస్కులు పట్టేస్తాయి, టైర్లు ఒకపక్క చదునవుతాయి. ఏడేళ్లలో ఇరవై వేలు తిరిగిన సెడాన్ కంటే, ఫైలునిండా సర్వీసు బిల్లులున్న లక్ష కిలోమీటర్ల బండే నాకు నచ్చుతుంది. ఆ బిల్లుల్లో గేర్‌బాక్సు ఆయిల్ మార్చిన కాగితం ఉందా అని వెతుకుతాను. కొన్ని కార్ల కంపెనీలు ఆ ఆయిల్ బండి ఉన్నన్నాళ్లూ మార్చక్కరలేదంటాయి. ఆ గేర్‌బాక్సులు చేసే జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను చేసినవాడి మాటే వింటాను.

ఇంతకీ మా ఊరి వాతావరణం ఈ కార్లకు పడుతుందా? పడదని అందరి నమ్మకం. నా అభిప్రాయం వేరు. వాన లేని నేల ఇనుముకు మేలు చేస్తుంది. సముద్రపు గాలికి విశాఖ, చెన్నై బండ్ల అడుగుభాగం తుప్పు పట్టిపోతే, మా దగ్గర పాతికేళ్ల కారును లిఫ్టు ఎక్కించినా కింద రేకు గట్టిగానే ఉంటుంది. రబ్బరుకు, ప్లాస్టిక్‌కు మాత్రం ఈ ఎండ యముడే. బుష్షులు పగులుతాయి, కూలెంటు పైపుల మూతులు పెళుసెక్కుతాయి, హెడ్‌లైట్లు పచ్చబడతాయి, డ్యాష్‌బోర్డు తోలు లేస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే చక్రాల దగ్గర గాలి నింపే రబ్బరు సంచులుంటాయి. వాటికి సన్నటి పగులు వస్తే కంప్రెసర్ గాలి కొడుతూనే ఉంటుంది, చివరికి అదీ కాలిపోతుంది. రాత్రి నిలబెట్టిన కారు తెల్లారేసరికి ఒకపక్క ఒరిగి ఉంటే ఒకటికి బదులు రెండు సామాన్లు కొనాల్సిన రోజు దగ్గర్లో ఉందని అర్థం. ఎండాకాలమంతా నీడన పెట్టి, ఒరగడం మొదలైన రోజే చూపిస్తే కంప్రెసరైనా మిగులుతుంది.

ఇంకో మేలు కూడా ఉంది. డీజిల్ కార్ల పొగగొట్టంలో మసి పట్టుకునే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా పోతేగానీ అందులో మసి కాలేటంత వేడి, ఆరొందల డిగ్రీల దాకా, ఎక్కదు. బెంగళూరు ట్రాఫిక్‌లో ఫిల్టరు పూడుకుపోయి యజమాని విసిగి అమ్మేసిన బండి, మా అనంతపురం రోడ్డు మీద నెల తిరగకుండానే దారికొస్తుంది, ఫిల్టరు మరీ గట్టిపడి ఉండకపోతే. పంక్చరు మాత్రం చిక్కే. చాలా బీఎండబ్ల్యూలకు స్టెప్నీ ఉండదు. గాలి పోయినా ఎనభై వేగంతో ఎనభై కిలోమీటర్లు నడిచే రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి. ఆ టైరు పక్కగోడ ఎంత గట్టిదంటే, గడ్డపారతో ట్రాక్టర్ టైరు ఊడదీసే మా పంక్చరు షాపు అబ్బాయి దాన్ని చూసి, "ఇది నా వల్ల కాదు సామీ, అనంతపురం పోండి" అంటాడు.

అసలు చెప్పాల్సింది మెకానిక్ గురించి. మా రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒకాయన ఉన్నాడు. బొలేరోలు, ట్రాక్టర్లతో మొదలుపెట్టి, ఒక పాత ల్యాప్‌టాప్, ఒక స్కానర్ కొనుక్కుని జర్మన్ కార్లలో చెయ్యి పెట్టాడు. ఓసారి ఒక కారు తెచ్చారు. నిలబెట్టినప్పుడు వణుకు, ఎర్రర్ కోడు మాత్రం ఆక్సిజన్ సెన్సర్ అని. పెద్ద ఊళ్లో రెండు సెన్సర్లు మార్చి పంపారట, వణుకు పోలేదు. ఈయన ఒక పైపు ఊడదీసి, బీడీ వెలిగించి, ఆ పొగను పైపులోకి ఊదుతూ టార్చి పట్టుకుని వంగి చూశాడు. ఇంజిన్ వెనక ఒక రబ్బరు గొట్టం మడతలోంచి సన్నగా పొగ లేచింది. "స్కానరు చదివి చెప్తాదన్నా, అంతే. దొంగగాలి యాడ నుంచి వస్తాండాదో మనమే ఎతకల్ల" అన్నాడు. లోపలికి ఎక్కువ గాలి పోతుంటే సెన్సర్ నిజమే చెప్పింది, తప్పు సెన్సర్‌ది కాదు. ఆ గొట్టం ఖరీదు కొన్ని వందలు.

సామాన్ల విషయంలోనూ ఆయన పద్ధతి వేరు. కారు పేరు, సంవత్సరం చెబితే వినడు. అద్దం కింద ఉండే పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు ఫోటో తీస్తాడు. ఒకే ఏడాది, ఒకే మోడల్‌లో మార్చిలో చేసినదానికీ అక్టోబరులో చేసినదానికీ పంపు వేరుగా ఉండొచ్చు. నంబరుతో పార్టు నంబరు పట్టుకుని, అదే వస్తువు బాష్ పెట్టెలోనో, మాలే పెట్టెలోనో, సాక్స్ పెట్టెలోనో ఎంతకొస్తుందో బెంగళూరు జేసీ రోడ్డుకు ఫోన్ చేస్తాడు. కారు కంపెనీ ముద్రతో అమ్మేదీ చాలాసార్లు వీళ్లు చేసిందే, ధరలోనే తేడా. సాయంత్రం బస్సులో పార్సిల్ ఎక్కితే పొద్దున్నే షెడ్డులో ఉంటుంది.

ఇలా నలభై వేల పంపు ముప్పైకి తెచ్చి, రెండు రోజులు కిందపడుకుని బిగించి, బ్యాటరీ మారిస్తే కారు కంప్యూటర్‌కు ఆ సంగతి ల్యాప్‌టాప్‌తో నమోదు చేసి, స్కాన్ చేసి చూపిస్తాడు. అప్పుడు యజమాని సామాన్ల బిల్లు నోరెత్తకుండా కడతాడు. చివర్లో అడుగుతాడు, "లేబర్ ఎంతప్పా?" మూడువేలు అనగానే మొహం మారుతుంది. "రెండువేలు తీసుకోప్పా, మన ఊరోళ్లమే గదా." ముద్రవేసిన బిల్లు ముందు బేరమాడలేని మనిషి, చేతికి గ్రీజున్న మనిషి ముందు ఆడతాడు. ఈ కార్లను మా ఊళ్లో బతికిస్తున్నది ఆ మూడువేలే. ఆయన షెడ్డు మూసి ఎర్రమంచిలోనో, బెంగళూరులోనో నెలజీతానికి పోతే, ఊళ్లోని జర్మన్ కార్లన్నీ రికవరీ లారీ ఎక్కాల్సిందే. ఆ లారీ ఒక్క ట్రిప్పు కిరాయి ఆయన లేబర్‌కు ఎన్ని రెట్లో బేరమాడేవాళ్లు ఎప్పుడైనా లెక్కేశారా?

అందుకే ఈమధ్య నా దగ్గరికొచ్చే ఫోన్లకు ఒకటే షరతు పెడుతున్నాను. బెంగళూరు పోయేముందు ఆయన్ని అడుగుదాం. ఈ మోడల్ చేతనవునా, సామాన్లు దొరుకుతాయా అని. ఆయన వద్దంటే ఆ బండి చూడను, ఎంత మెరిసినా సరే. పోయేటప్పుడు కూడా ఆయన్నే తీసుకుపోతాను, కూలి ముందే మాట్లాడుకుని. లేబర్ రేట్లు బోర్డు రాసి పెట్టమని కూడా నేనే పోరాను. స్కానింగ్‌కు ఇంత, ఆయిల్ సర్వీసుకు ఇంత, దూరం వచ్చి చూస్తే ఇంత అని తెల్లరంగుతో రాయించి తగిలించాడు. ఇద్దరు పాత గిరాకీలు బోర్డు చదివి వెనక్కి తిరిగి పోయారట. బాధపడ్డావా అని అడిగాను.

"పోనీలేన్నా" అన్నాడు, "వాళ్లెప్పుడూ అప్పుపెట్టేవాళ్లే."