నాలుగేళ్లలో మూడేళ్ల వాన

సగటు వర్షపాతం ఎంత మోసగిస్తుందో మెట్టసేద్యం చేసే ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక ఏడు కుండపోత, మరుసటి ఏడు చుక్క పడదు. రెండూ కలిపి సగం చేస్తే కాగితం మీద పంట పండుతుంది. శ్రీలంక వ్యవసాయ శాఖ 2003లో వెలువరించిన వ్యవసాయ వాతావరణ పటం మీద నాకు ఇష్టం కలిగింది అందుకే. తడి, మధ్యస్థ, పొడి అన్న మూడు పెద్ద మండలాలనూ ఏటి సగటుతోనే విడదీశారు: 2,500 మిల్లీమీటర్లు దాటితే తడి, 1,750కి లోపైతే పొడి. వాటి లోపలి గీతల దగ్గరికొచ్చేసరికి కొలత మారింది. నాలుగేళ్లలో మూడేళ్లయినా కురుస్తుందని నమ్మదగ్గ వాన ఎంత? అదే అక్కడి లెక్క. రైతు మనసులో వేసుకునే లెక్కా అదే.

ఒకప్పుడు 24గా ఉన్న ప్రాంతాలు ఈ పటంలో 46 అయ్యాయి. ఒక్కోదానికి పొట్టి పేరు. డబ్ల్యూఎల్1ఎ అంటే తడి మండలం, 300 మీటర్ల లోపు పల్లం, వాన పుష్కలం. డీఎల్5 పొడి మండలపు పల్లంలోని హంబన్‌తోట తీరం. మొదటిదానిలో నమ్మదగ్గ వాన 3,200 మిల్లీమీటర్ల పైన, రెండోదానిలో 650 పైన. పేరు చదవగానే నేల తడీ ఎత్తూ తెలిసిపోతాయి.

అసలు పనితనం మధ్యస్థ మండలంలో ఉంది. విస్తీర్ణంలో మూడింటిలోకీ అదే చిన్నది. అయినా 46లో 20 ప్రాంతాలు దానివే. దీవిలో దాదాపు మూడింట రెండు వంతులున్న పొడి మండలానికి 11 చాలాయి. ఎందుకంటే, మధ్యస్థ మండలంలో కొండలున్నాయి. నైరుతి గాలి పడమటి వాలులో నీళ్లన్నీ కుమ్మరించి, శిఖరాలు దాటి ఊవా ప్రాంతం వైపు పొడిగాలిగా దిగుతుంది. నువర ఎలియ తడిసి ముద్దవుతున్న రోజుల్లో, హక్‌గల దాటి కాస్త దిగితే వెలిమడలో నేల ఎండి ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా వీచే ఆ పొడిగాలే ఊవా టీకి వాసన తెస్తుంది. కొండకొక తీరు గనుక గీతలూ అంత దగ్గరదగ్గరగా పడ్డాయి. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పొడి మండలం అన్న మాట మాత్రం అనంతపురం రైతుకు వింతగా తోస్తుంది. అనురాధపురంలో ఏటా పడే వాన అనంతపురం వానకు రెట్టింపు పైమాటే. కానీ అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి జనవరి లోపే, మహా పంటకాలంలోనే పడిపోతుంది. మే నుంచి ఆకాశం మొహం చాటేస్తుంది, గాలి నేలలోని తడిని పీల్చేస్తుంది. వాన ఎంత అన్నదానితో ఆగకుండా ఎప్పుడు అని కూడా అడిగారు కాబట్టే డీఎల్1 ఒక్కటే ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు ముక్కలైంది. ఆ ముక్కల నిండా పాత రాజులు తవ్వించిన చెరువులు. మహాలో నిండిన చెరువే, ఆ తర్వాత వచ్చే యల పంటకాలంలో పైరుకు దిక్కు.