జానెడైనా లేని బోర్డు

కంప్యూటర్ సామాను కొనాలంటే బైరెడ్డిపల్లె వాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంటే బెంగళూరు ఎస్పీ రోడ్డే దగ్గర. అక్కడ మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు అడిగితే చేతిలో పెట్టే అట్టడబ్బాను చూడగానే అనుమానం వస్తుంది: ఇంత డబ్బు పోస్తే వచ్చేది ఇంతేనా?

డబ్బా మీది బొమ్మల్ని, తళతళలాడే అక్షరాల్ని పట్టించుకోనక్కర్లేదు. పక్కన అంటించిన చిన్న స్టిక్కరు చూడాలి. దాని మీది సీరియల్ నంబరు, బిల్లులో రాసిన నంబరు, బోర్డు మీది నంబరు మూడూ ఒకటేనా అని దుకాణంలోనే సరిచూసుకుంటే రేపు వారంటీకి పేచీ ఉండదు.

లోపల బోర్డు బూడిదరంగు మెరిసే కవర్లో ఉంటుంది. ఆ కవరు పొరల్లో పలచటి లోహపు పూత ఉంటుంది. చలికాలం స్వెట్టర్ విప్పితే చిటపటమనే స్థిర విద్యుత్తు మన వేలికి తెలియాలంటే సుమారు 3,000 వోల్టులుండాలి. చిప్పు పాడవడానికి అందులో పదోవంతు చాలు. అందుకే చేయి తిరిగిన మెకానిక్కు ముందు కేబినెట్ ఇనుమును తాకి, ఆ తర్వాతే బోర్డును అంచులు పట్టుకుని తీస్తాడు. కొందరు ఆ కవరునే పరిచి, పైన బోర్డు పెట్టి కరెంటిచ్చి పరీక్షిస్తారు. అది ప్రమాదం. లోహపు పూత వల్ల షార్టయ్యే అవకాశముంది. దానికి ఒట్టి అట్టడబ్బా మేలు.

బోర్డు నాలుగు పక్కలా 170 మిల్లీమీటర్లు. తైవాన్ కంపెనీ వయా 2001లో ఈ కొలతను తెచ్చింది. 1995లో ఇంటెల్ పెట్టిన ఏటీఎక్స్ కొలత 305×244. వైశాల్యం లెక్కేస్తే ఇది దాంట్లో సగం కూడా కాదు. కానీ స్క్రూ రంధ్రాలు చూడండి. చిన్నబోర్డుకున్న నాలుగూ ఏటీఎక్స్ రంధ్రాల్లో నాలుగింటికి సరిగ్గా కలుస్తాయి. వెనుక సాకెట్ల చుట్టూ బిగించే రేకు కొలత కూడా పాతదే. కాబట్టి జిరాక్స్ షాపు మూల దుమ్ముపట్టిన పాత ఏటీఎక్స్ కేబినెట్లో కూడా కొత్త మినీ ఐటీఎక్స్ కూర్చుంటుంది. అసెంబ్లింగ్ పనివాళ్ల సంప్రదాయమంతా ఈ రంధ్రాల మీదే నిలబడింది. కంపెనీలు మారాయి, ప్రాసెసర్లు మారాయి, స్క్రూ పడే చోటు మాత్రం మారలేదు. మెమరీని బోర్డుకే అతికించేసి అమ్మే లాప్‌టాపులతో పోలిస్తే ఇది ఎంత విలువైనదో రిపేరు చేసేవాడికే బాగా తెలుసు.

చిన్నదనానికి మూల్యం లేకపోలేదు. మెమరీ స్లాట్లు రెండే, కార్డు పెట్టే స్లాటు ఒక్కటే. చాలా బోర్డులకు ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాటు ఒకటి అడుగువైపున ఉంటుంది. అది చూసుకోకుండా కేబినెట్లో బిగించేస్తే మళ్లీ అన్నీ ఊడదీయాల్సిందే. ముందుగా ప్రాసెసర్, మెమరీ, ఎస్ఎస్‌డీ, డబ్బా మీదే ఒకసారి ఆన్ చేసి చూడటం, తర్వాతే రేకు, స్క్రూలు. అదీ వరస. నన్నడిగితే, బల్ల మీద జాగా ఉన్న మామూలు దుకాణానికి 244 మిల్లీమీటర్ల మైక్రో ఏటీఎక్స్ చాలు. అది చవక, పైగా నాలుగు మెమరీ స్లాట్లున్నవి కూడా దొరుకుతాయి. ఇరుకు కౌంటర్ వాళ్లకైతే చిన్నదే నప్పుతుంది. థిన్ మినీ ఐటీఎక్స్ రకమైతే లాప్‌టాప్‌కు ఉన్నట్టే 19 వోల్టుల అడాప్టరుతో నడుస్తుంది, కేబినెట్లో పవర్ సప్లై డబ్బా అక్కర్లేదు.

డబ్బాలో మిగతావి చూస్తే మాన్యువల్, సాటా కేబుల్, ఎం.2 కోసం ఆవగింజంత స్క్రూ, వైఫై ఉంటే యాంటెన్నాలు. ఆ స్క్రూ పారేసుకోని మెకానిక్కు అరుదు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 రకం బోర్డయితే సాకెట్ మీద నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాని కింద వెంట్రుకల్లాంటి 1,700 పిన్నులు. ప్రాసెసర్ పెట్టి మీట నొక్కగానే మూత దానంతటదే ఊడి వస్తుంది. దాన్ని చెత్తబుట్టలో వేయకుండా డబ్బాలోనే దాచాలి. మూత లేకుండా వారంటీకి పంపిన బోర్డును చాలామంది తయారీదార్లు తీసుకోరు.