'అట' రాలిపోకూడదు

మా నాయనమ్మ కబుర్లు చెప్పేటప్పుడు చాలా మాటల చివర 'అట' ఉండేది. "ఈ పేటంతా ఒకప్పుడు ఇటుక బట్టీలేనట. కోట కట్టడానికి ఇటుకలు ఇక్కణ్ణించే బండ్లమీద పోయేవట" అనేది. మాది మద్రాసులోని చూలై. తమిళంలో ఆ మాటకు అర్థం బట్టీ. ఇప్పుడు ఇక్కడ బట్టీలు లేవు, పేరు మాత్రం మిగిలింది. "నువ్వు చూశావా నాయనమ్మా?" అని అడిగితే, "నేనెక్కడ చూశాను, మా అత్తగారు చెప్పేది" అని ఊరుకునేది. తను కళ్లారా చూసింది చెప్పేటప్పుడు మాత్రం ఆమె నోట 'అట' వచ్చేది కాదు. వరదలో మా వీధిలో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో చెప్పేటప్పుడు గోడమీద చెయ్యి పెట్టి చూపించేది.

చూసినదానికీ విన్నదానికీ మధ్య ఆమె అంత తేలిగ్గా గీసిన గీత ఎంత విలువైనదో మొన్న ఒక ఆదివారం పూట నాకు బాగా అర్థమైంది. ఆ రోజు పొద్దున నేను, మా పక్కింటి ఏడో తరగతి పిల్లవాడు, మరో పదిమంది కలిసి సొరంగాలనీ, తగవుల్లో ఉన్న పాత స్థలాలనీ చూపించే ఒక పూట హెరిటేజ్ వాక్‌కు వెళ్లాం. దారి చూపింది చరిత్రలో పీజీ చేసిన ఒక యువతి. మద్రాసులో ఇలాంటి నడకలు కొత్త కాదు. 1639లో ఈ నేల ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చిన సందర్భాన్ని తలుచుకుంటూ 2004 నుంచి ఏటా ఆగస్టు 22న మద్రాస్ డే జరుపుతున్నారు. ఎస్. ముత్తయ్య వంటివారు ఏళ్ల తరబడి రాసీ నడిపించీ ఊరివాళ్లకు ఊరిని చూసే అలవాటు చేశారు. ఆ నేలను ఇచ్చింది మన దామెర్ల నాయకులు. చెన్నపట్నం పేరు దామెర్ల చెన్నప్ప నాయకుడిదా, చెన్నకేశవస్వామిదా అన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది. సొంత పేరు మీదే తగవున్న ఊరికి పాత స్థలాల తగవులు ఒక లెక్క కాదు.

చూలై నుంచి సెంట్రల్‌కు ఆటోలో వెళ్లి మెట్రో ఎక్కాం. బండి కూవం నది కింద నుంచి సాగింది. 2019 ఫిబ్రవరిలో పూర్తయిన ఈ మార్గం సైదాపేట దాకా భూమిలోనే ఉంటుంది. అది దాటాక పైకి లేచి వెలుతురులోకి వస్తుంది. ఆ తర్వాతి స్టేషనే చిన్నమలై. "సొరంగం ఎలా ఉంటుందో ఇప్పుడు చూశారు కదా" అంది ఆ అమ్మాయి. "గాలి ఆడాలి, నీళ్లు తోడాలి, పైకప్పు కూలకుండా నిలవాలి. ఇది గుర్తు పెట్టుకుని రండి." ఆమె మొదటి పాఠం అది.

చిన్నమలై గుట్ట మీద పోర్చుగీసువాళ్లు 1551లో ఒక చర్చి కట్టారు. దాని పక్కనే గుహ ఉంది. తల బాగా వంచితేగాని లోపలికి పోలేం. ఏసుక్రీస్తు శిష్యుడు పునీత తోమాసు ఇక్కడ దాక్కునేవారని క్రైస్తవుల నమ్మకం. గుహకు ఒక పక్క చిన్న కంత ఉంది. తనను చంపడానికి వచ్చినవాళ్ల నుంచి తప్పించుకుని ఆయన ఆ దారినే పరంగిమలైకి వెళ్లారని చెప్పుకుంటారు. పరంగిమలై ఇక్కడికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరం.

ఆ అమ్మాయి మాకు చెప్పాల్సిందంతా గుహ బయటే చెప్పింది. "లోపల ప్రార్థన చేసుకునేవాళ్లుంటారు. అక్కడ మనం మాట్లాడొద్దు, చూసి వచ్చేద్దాం" అంది. చెప్పేటప్పుడు మూడు వేళ్లు చూపించింది. "గుహ ఉంది, కంత ఉంది. వీటిని మీరు చూస్తారు. పదహారో శతాబ్దంలో చర్చి కట్టినట్టు రాతలో ఉంది. ఆయన ఈ దారిన వెళ్లారట. ఇది తరతరాలుగా జనం మోసుకొచ్చిన మాట. మూడూ మనకు కావాలి. ఒకదాన్ని ఇంకోదాని చోట కూర్చోబెట్టకూడదు."

మా పిల్లవాడు ఊరుకోలేదు. "అక్కా, ఇంతకీ సొరంగం నిజమేనా?" అన్నాడు.

"నువ్వేమనుకుంటున్నావు నాన్నా? మెట్రోలో వచ్చావు కదా" అని అడిగిందామె. వాడు కాసేపు ఆలోచించి, "అంత దూరం రాయి తొలిచి, గాలి లేకుండా... కష్టమక్కా" అన్నాడు. అంతలో గుహలోంచి ఒక పెద్దావిడ కొవ్వొత్తి వెలిగించి కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. వాడు ఆమెను చూసి గొంతు తగ్గించాడు. "కానీ ఆవిడకు నిజమే" అన్నాడు. పన్నెండేళ్ల పిల్లవాడు రెండు మాటల్లో ఆ స్థలాన్ని అర్థం చేసుకున్నాడు. దారి చూపిన అమ్మాయి వాడికి జవాబు చెప్పి ఉంటే ఇది జరిగేది కాదు.

నాకు ఇంకో అనుభవం గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక కోట చూడటానికి ఇలాగే బృందంతో వెళ్లాను. అక్కడ దారి చూపినాయనకు 'అట' అన్న మాటే తెలియదు. ఈ సొరంగం ఇంకో కోట దాకా పోతుంది, ఖాయం. ఈ గుడి పగలగొట్టింది ఫలానావాళ్లు, ఖాయం. ఎవరో "దానికి ఆధారమేమిటండీ?" అని అడిగితే ఆయనకు కోపం వచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సులో మాటా మాటా పెరిగి, కలిసి అన్నం తిన్నవాళ్లే ముఖాలు తిప్పుకున్నారు. వాళ్లను విడదీసింది పాత రాళ్లు కాదు, ఆ 'ఖాయం' అన్న మాట.

మన తెలుగు నేలలో సొరంగం కథ లేని కొండ అరుదు. గోలకొండ నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందంటారు. మంగళగిరి కొండగుహ నుంచి ఉండవల్లికి దారి ఉందనీ, మునులు ఆ దారిన వెళ్లి కృష్ణలో స్నానం చేసేవారనీ చెబుతారు. ఈ కథలను కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆ కొండా ఈ ఏరూ ఒకటే అని, ఈ కోటా ఆ ఊరూ ఒకదానికొకటి అక్కర అని జనం అనుకున్నారు కాబట్టే వాటిని సొరంగంతో కలిపారు. ఆ బంధం గురించి కథ నిజమే చెబుతుంది. దూరాలూ తేదీలూ చెప్పడం దాని పని కాదు.

చిన్నమలై నుంచి పరంగిమలైకి వెళ్లాం. మూడు వందల అడుగుల గుట్ట. మెట్లు కట్టించినవాడు కోజా పెట్రుస్ ఉస్కాన్ అనే ఆర్మీనియా వర్తకుడు. 1726లో సైదాపేట దగ్గర అడయార్ మీద వంతెన కట్టించింది కూడా ఆయనే. పైన చర్చిలో బలిపీఠం వెనక ఒక రాతి శిలువ ఉంది. 1547లో పునాదులు తవ్వుతుంటే బయటపడింది. తోమాసే దాన్ని చెక్కారని భక్తుల నమ్మకం. ఆయన క్రీ.శ. 72లో ఈ గుట్ట మీదే ప్రాణం విడిచారని సంప్రదాయం చెబుతుంది. శిలువ చుట్టూ ఉన్న అక్షరాలు మాత్రం పహ్లవీ లిపిలో ఉన్నాయి. అది పాత పారశీక దేశపు రాత. పందొమ్మిదో శతాబ్దంలో బర్నెల్ అనే పండితుడు దాన్ని పరిశీలించి ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటిదన్నాడు. ఆ తర్వాత చదివినవాళ్లు అర్థం విషయంలోనూ కాలం విషయంలోనూ ఒక్కమాట మీదకు రాలేదు.

ఆ రాయి ముందు నిలబడితే నాకు ఒకటి తట్టింది. నమ్మేవాళ్లు దాన్ని మొదటి శతాబ్దపు రుజువుగా చూడాలనుకుంటారు. నమ్మనివాళ్లు అదంతా పోర్చుగీసుల కల్పన అని తేల్చేయాలనుకుంటారు. రాయి మాత్రం ఈ ఇద్దరూ అడగని మూడో సంగతి చెబుతోంది. పోర్చుగీసుల కంటే ఎన్నో వందల ఏళ్ల ముందే పారశీకంతో సంబంధమున్న క్రైస్తవులు ఈ తీరంలో ఉన్నారని. తగవును పక్కన పెట్టి వింటే వినిపించే మాట ఇది.

అదే గుట్ట నుంచి 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ గొలుసుతో నేలను కొలవడం మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ల ఆ మొదటి గీత మీద త్రిభుజాలు పేర్చుకుంటూ పోయిన సర్వేయే తర్వాత హిమాలయాల ఎత్తులు లెక్కకట్టింది. కొలిచిన మాటకూ విన్న మాటకూ ఒకే కొండ చోటిచ్చింది.

కొలిచేవాళ్ల వెంటే వినేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ముందు వరసలోనివాళ్లు మన ఏలూరువాళ్లు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం ఊరూరూ తిరిగారు. శాసనాలకు నకళ్లు తీశారు, కరణాలు చెప్పింది రాయించారు, స్థలపురాణాలు సేకరించారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే లక్ష్మయ్య ఆ పనిని అందుకున్నాడు. శాసనం నకలు వేరే, ఊరివాళ్ల కథ వేరే. రెండూ ఒకే సేకరణలో ఉన్నా దేనికది విడిగా ఉంది. అందుకే ఇవాళ మనం పోల్చి చూడగలుగుతున్నాం. కైఫీయతులనే ఆ ఊరి వృత్తాంతాల్లో చాలా భాగం మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనే ఉంది.

చివరగా పల్లావరం వెళ్లాం. 1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి గులకలో ఒక రాతి పనిముట్టు ఏరాడు. మన దేశంలో పాతరాతియుగపు మనిషి ఉన్నాడనడానికి దొరికిన మొదటి ఆధారం అదే. తర్వాత ఈయనే తెలుగు నేలకు వచ్చి బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు తవ్వించాడు. ఆ పేరులోనే సొరంగం వినిపిస్తుంది. కథల్లో సొరంగాలకు నిధులుంటాయి. ఆయనకు అక్కడ దొరికిన నిధి పూర్వకాలపు జంతువుల ఎముకలు.

పల్లావరం కొండలో మొదటి మహేంద్రవర్మ ఏడో శతాబ్దంలో గుహాలయం తొలిపించాడు. ఇప్పుడది దర్గా. చెప్పులు విడిచి, అనుమతి అడిగి వెళ్లాం. ఆ పల్లవ రాజు తన బిరుదులను ఇక్కడ చెక్కించాడు. వాటిలో తెలుగు బిరుదులూ ఉన్నాయి. మద్రాసులో తెలుగు, నాయకుల కాలం నుంచే మొదలైందనుకునే మనం, ఆ నాయకులకు వెయ్యేళ్ల ముందరి తెలుగు మాటల దగ్గర నిలబడ్డాం. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇదే రాజు మండగపట్టులో ఇటుకా కలపా లోహమూ సున్నమూ లేకుండా గుడి చేయించానని చెక్కించుకున్నాడు. ఇటుక బట్టీల పేటలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు ఆ మాట ప్రత్యేకంగా తగిలింది. ఆయన గుహలు తొలిపించే విద్య తెలుగు దేశంలో చూసి నేర్చుకున్నాడని కొందరు పండితులు ఊహించారు. వినడానికి మనకు ఎంతో బాగుంటుంది. అయినా అది ఊహే. మన గొప్పను పెంచే మాటకు 'అట' చేర్చడమే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే అవసరం కూడా.

తిరిగి వచ్చే ముందు ఒకాయన "మైలాపూర్ సంగతేమిటమ్మా?" అన్నాడు. పాత గుడి ఉన్న చోటూ తోమాసు సమాధి ఉన్న చోటూ ఒకటేనా అన్న తగవు అది. అందరూ ఎదురుచూస్తున్న ప్రశ్నే. చెట్టు నీడన కూర్చోబెట్టి ఆమె నెమ్మదిగా చెప్పింది. ఏడో శతాబ్దపు శివభక్త కవి సంబందర్ పాటల్లో కపాలీశ్వరుడి గుడి సముద్రం ఒడ్డున ఉంది. ఇప్పటి గుడి తీరానికి లోపలగా, పోర్చుగీసులు వచ్చాక మళ్లీ కట్టింది. తీరాన ఉన్న గుడి వాళ్ల కాలంలోనే పోయిందని చాలామంది చరిత్రకారులు అంటారు. పోర్చుగీసులకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే మార్కో పోలో ఈ తీరంలో తోమాసు సమాధి గురించి రాశాడు. అక్కడికి క్రైస్తవులూ ముస్లింలూ యాత్రకు వచ్చేవారని కూడా రాశాడు. "పాత గుడి సరిగ్గా ఎక్కడ నిలిచిందన్నది ఇంకా తేలలేదు. తేలేదాకా ఎవరి దుఃఖాన్నీ కాదనొద్దు, ఎవరి మొక్కునూ ఆపొద్దు" అంది. ఎవరూ గొంతు పెంచలేదు.

తమిళంలో 'పోనారు' అంటే వెళ్లారు, 'పోనారాం' అంటే వెళ్లారట. మన రెండు భాషలూ ఈ జాగ్రత్తను నాలుక మీదే పెట్టాయి. కథ బోర్డుకెక్కినప్పుడూ, ఫోన్లో చేతులు మారినప్పుడూ మొదట రాలిపోయేది ఆ చివరి అక్షరాలే. అవి రాలగానే కథ దావాగా మారుతుంది, దావా తగవుగా మారుతుంది.

ఈ వేసవిలో మీ పిల్లల్ని ఏ కొండకో కోటకో తీసుకెళ్తారు. చూపించేవాళ్లను మూడు అడగండి. ఇందులో కంటికి కనబడేది ఏది, రాతలో ఉన్నది ఏది, జనం చెప్పుకునేది ఏది? తర్వాత మీరు ఇంటికొచ్చి ఆ కథ చెప్పేటప్పుడు, దయచేసి 'అట'ను దారిలో వదిలేయకండి.