4 నిమిషాల నమ్మకం

ఐబీఎం 1974లో తెచ్చిన ఎస్‌ఎన్‌ఏ అనే నెట్‌వర్క్ పద్ధతిలో నడిచే మెయిన్‌ఫ్రేమ్ ట్రాఫిక్‌ను టీసీపీ/ఐపీ రౌటర్ల మీదుగా మోసుకెళ్లేది డీఎల్‌ఎస్‌డబ్ల్యూ (డేటా లింక్ స్విచింగ్). ఏ యంత్రం ఎక్కడుందో ప్రతిసారీ ఊరంతా దండోరా వేయదు. ఒకసారి దొరికిన యంత్రం మ్యాక్ అడ్రస్‌నూ, దాని ఆచూకీ చెప్పిన రౌటర్‌నూ క్యాష్‌లో రాసిపెట్టుకుంటుంది. సిస్కో రౌటర్లలో మామూలుగా 4 నిమిషాలు దాటితే ఆ నమోదు పాతబడినట్టే. అలాగని వెంటనే కొట్టేయదు. మళ్లీ అవసరం పడితే, తెలిసిన రౌటర్‌నే నేరుగా అడిగి రూఢి చేసుకుంటుంది. 16 నిమిషాల దాకా రూఢి కాకపోతేనే చెరిపేస్తుంది. గడువు బాగా తగ్గిస్తే వెతుకులాటతోనే సన్నటి లైన్లు నిండిపోతాయి. పెంచితే లేని దారిని నమ్మాల్సి వస్తుంది. ఈ రెంటి మధ్య తూకం తప్పకుండా బ్యాంకు శాఖలను మెయిన్‌ఫ్రేమ్‌తో కలిపి ఉంచిన నెట్‌వర్క్ ఇంజినీర్లది అసలైన పనితనం.